పాత ప్రాక్టికల్స్ హాలును బయోమెడికల్ ల్యాబుగా మార్చాలంటే: ఏ దారి ఎవరికి నప్పుతుంది

1960, 70 దశకాల్లో కట్టిన సైన్సు బ్లాకులు రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ ఇంకా వాడుకలో ఉన్నాయి. ఎత్తయిన కప్పు, రెండు వైపులా కిటికీలు, ఫ్యాన్లు, కడప బండ పరిచిన ప్లాట్‌ఫాంలు, మూలన పనిచేయని ఫ్యూమ్ కప్‌బోర్డు (రసాయనాల ఆవిరిని బయటికి లాగే అల్మరా). టైట్రేషన్లకూ డిసెక్షన్లకూ కట్టిన ఆ హాల్లోనే ఇప్పుడు సెల్ కల్చర్ (కణాలను పెంచే పని), క్యూపీసీఆర్ (డీఎన్ఏను పెంచి కొలిచే పద్ధతి), ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లెక్కించి వేరుచేసి చూసే పద్ధతి), మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు పెట్టాలి. డబ్బు మంజూరు కాగానే చర్చంతా టైల్స్, గ్లాసు పార్టిషన్లు, టేబుళ్ల రంగు చుట్టూ తిరుగుతుంది. ఖర్చును, ఆ తర్వాత పదేళ్ల తలనొప్పిని నిర్ణయించేది మాత్రం గాలి. గదిలోంచి ఎంత గాలి బయటికి పోవాలి, దాని బదులు వచ్చే గాలిని ఎవరు చల్లబరచాలి, అది ఏ దారిన రావాలి? ఈ మూడూ తేలితే మిగతా ఎంపికల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

లెక్కలకు వీలుగా 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న హాలును నమూనాగా తీసుకుందాం. ఫాల్స్ సీలింగ్ 10 అడుగుల దగ్గర వేస్తే లోపలి ఘనపరిమాణం 18,000 ఘనపుటడుగులు.

కొటేషన్లు పిలవక ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది పని స్వభావం. మనిషి రక్తం, కణజాలం, మానవ కణ శ్రేణులు, లెంటీవైరస్ వెక్టర్లు (కణాల్లోకి జన్యువులను చేరవేసే వైరస్‌లు) వాడితే అది బయోసేఫ్టీ (జీవ భద్రత) రెండో స్థాయి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థ బయోసేఫ్టీ కమిటీ ఆ పనిని చూసి ఆమోదించాలి. డ్రాయింగు గీశాక కమిటీకి చూపించడం కాదు, గీయకముందే చూపించాలి. క్షయ బ్యాక్టీరియాను పెంచాలనుకుంటే మూడో స్థాయి కావాలి. పాత హాలును మూడో స్థాయికి తెచ్చే ప్రయత్నం చేయవద్దని మా సలహా. గోడల బిగుతు, హెపా (అతి సూక్ష్మ రేణువులను పట్టే ఫిల్టరు) వడపోసిన ఎగ్జాస్ట్, నిరంతర ఋణ పీడనం (బయటి కంటే లోపల తక్కువ పీడనం), ఏటా పరీక్షలు: ఇవన్నీ ఆ భవనం ఇవ్వలేనివే. అలాంటి సదుపాయం ఉన్న సంస్థతో ఒప్పందం కుదుర్చుకోవడమే మేలు.

రెండోది, దూలం అడుగు నుంచి నేల వరకు ఉన్న ఎత్తు. కప్పు ఎత్తు చూసి మురిసిపోతారు కానీ డక్టు (గాలి గొట్టం) వెళ్లాల్సింది దూలం కింద నుంచే. 2,400 సిఎఫ్ఎం, అంటే నిమిషానికి 2,400 ఘనపుటడుగుల గాలి మోసే డక్టు ఇన్సులేషన్‌తో కలిపి సుమారు 26 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల లోతు ఉంటుంది. దాని కింద లైట్లు, సీలింగు ఫ్రేము రావాలి. దూలం కింద 12 అడుగులు ఉంటే హాయిగా కుదురుతుంది. 9.5 అడుగుల లోపే ఉంటే పెద్ద డక్టుల ఆలోచన మానుకోండి.

మూడోది కరెంటు. డిపార్ట్‌మెంటుకు ఇప్పుడున్న లోడు ఎంత, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎంత మిగిలి ఉందని విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాటగా "సరిపోతుంది సార్" అన్న లోడు, ఏసీలన్నీ ఒకేసారి నడిచే మే నెలలో సరిపోదు.

నాలుగు దారులు

ఉన్న హాలునే సర్దుకోవడం మొదటి దారి. గోడలు, వైరింగు బాగుచేసి, అల్యూమినియం పార్టిషన్లు వేసి, స్ప్లిట్ ఏసీలు, ఒకటి రెండు బయోసేఫ్టీ క్యాబినెట్లు (మనిషినీ నమూనానూ కాపాడుతూ వడపోసిన గాలిలో పని చేసే పెట్టెలు) పెట్టడం. ఇద్దరు ముగ్గురు పరిశోధక విద్యార్థులు, ఒక కల్చర్ గది, పీసీఆర్ వరకే పని ఉంటే ఇది చాలు. తక్కువ చేసి చూడాల్సిన పనేమీ లేదు. కాకపోతే ఇందులో ఒక హద్దుంది: ద్రావకాలతో ఎక్కువ పని, డక్టు అవసరమైన క్యాబినెట్, ఆరుగురికి మించిన జనం. వీటిలో ఏది వచ్చినా ఈ దారి చాలదు.

రెండోది, గది లోపల గది. 50 మిల్లీమీటర్ల మందం గల పఫ్ (పాలీయురేథేన్ నురగ నింపిన) ప్యానెళ్లతో పాత హాల్లోనే కల్చర్ గదులను నిలబెట్టడం. ఫార్మా కంపెనీల వల్ల హైదరాబాద్ చుట్టుపక్కల ఈ పని తెలిసిన ఫిట్టర్లు దొరుకుతారు. ప్యానెళ్లు తేలిక కాబట్టి స్లాబు మీద బరువు పడదు, మూలలు గుండ్రంగా వస్తాయి, గాలి బిగుతుగా నిలుస్తుంది, రేపు విప్పి వేరేచోట వేసుకోవచ్చు. చిక్కులు మూడు. ప్యానెల్‌కు బరువైన షెల్ఫులు తగిలించలేం, ఎక్కడ తగిలించాలో ముందే చెప్పి లోపల గట్టి పట్టీ వేయించాలి. మామూలు పఫ్ మంటలకు లొంగుతుంది, రాక్‌వూల్ నింపిన ప్యానెల్ అడగండి. ఇక పాత గోడకూ ప్యానెల్‌కూ మధ్య మిగిలే నాలుగంగుళాల సందు: చెదలకూ ఎలుకలకూ చెమ్మకూ అదే స్థావరం. మనిషి పక్కకు తిరిగి నడిచేంత, అంటే రెండడుగులు వదలండి. లేదా గోడకు ఆనించి పూర్తిగా మూసేయండి. మధ్యేమార్గం మాత్రం పనికిరాదు.

మూడోది, ఒక అంతస్తునో ఒక రెక్కనో పూర్తిగా ఖాళీచేసి కొత్తగా చేయడం. గాలి, డ్రైనేజి, వైరింగు అన్నీ కొత్తవి. ఇద్దరు ముగ్గురు ఆచార్యుల బృందాలు కలిసి వాడుకుంటేనే ఇది గిట్టుబాటు. ఒకే ప్రాజెక్టు డబ్బుతో మొదలుపెడితే సగంలో ఆగిపోయి, డక్టులు వేలాడుతూ, ఏహెచ్‌యూ (గాలిని వడపోసి, చల్లబరిచి డక్టుల్లోకి పంపే యంత్రం) రాకుండా మిగిలిన హాళ్లు తయారవుతాయి.

నాలుగో దారిని ఎవరూ పరిగణించరు: అసలు కట్టకపోవడం. ఏడాదికి ముప్పై రోజులే వాడే ఫ్లో సైటోమీటరు కోసం గది, యూపీఎస్, ఏసీ, ఏటా నిర్వహణ ఒప్పందం భరించడం కంటే విశ్వవిద్యాలయ కేంద్ర పరికరాల విభాగంలో గంటల లెక్కన వాడుకోవడం నయం. హైదరాబాద్‌కు దగ్గరగా ఉన్నవారికి జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని ఆస్పైర్ బయోనెస్ట్ లాంటి ఇంక్యుబేటర్లు ఉన్నాయి. అవి ముఖ్యంగా స్టార్టప్‌ల కోసం ఉన్నవి కాబట్టి షరతులు ముందే కనుక్కోండి.

మన నమూనా హాలుకు, నలుగురైదుగురు పరిశోధకులుండే బృందానికి మా ఓటు రెండో దారికే. హాలులో మూడో వంతు ప్యానెల్ గదులు, మిగిలింది తెరిచిన బెంచీలు. కొత్త బ్లాకు వచ్చే ఆశ ఉన్నచోట అయితే మరీను, ఎందుకంటే సివిల్ పని మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు, ప్యానెల్ వస్తుంది.

గాలి: స్ప్లిట్, వీఆర్ఎఫ్, ఏహెచ్‌యూ

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. దాని కాయిల్ మీద తడి, ధూళి కలిసి బూజు పెరుగుతుంది, ఆ బీజాలు సరాసరి కల్చర్ గదిలోకే వస్తాయి. వర్షాకాలంలో ఫంగస్ కంటామినేషన్ పెరిగితే మీడియాను (కణాలకు వేసే పోషక ద్రవాన్ని), విద్యార్థిని అనుమానించే ముందు ఏసీ ఫిల్టర్ తీసి చూడండి. ఇంకో చిక్కు ఉంది. స్ప్లిట్ నుంచి వచ్చే గాలి జోరు బయోసేఫ్టీ క్యాబినెట్ ముందుండే గాలితెరను చెదరగొడుతుంది. క్యాబినెట్ లోపలికి లాగే వేగం సెకనుకు అర మీటరే, ఏసీ ఊదే గాలి అంతకు ఎన్నో రెట్లు. స్ప్లిట్ తప్పకపోతే క్యాబినెట్‌కు ఎదురుగా గానీ పైన గానీ కాక, క్యాబినెట్ ఉన్న గోడకే, దానికి దూరంగా, పక్కకు ఊదేలా బిగించండి. నెలకోసారి కాయిల్ కడిగించండి. సీలింగ్ ఫ్యాను మాత్రం ఏ పరిస్థితిలోనూ ఉండకూడదు. స్విచ్ ఆపితే చాలదు, ఫ్యానునే తీసేయండి. ఉంటే ఎవరో ఒకరు వేస్తారు.

హాలంతటికీ గంటకు 8 సార్లు గాలి మారాలంటే 18,000ను 8తో గుణించి 60తో భాగించాలి: 2,400 సిఎఫ్ఎం. ఇదంతా బయటి గాలే అయితే? విశాఖలో 35 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న రోజున 1,000 సిఎఫ్ఎం బయటి గాలిని గది స్థాయికి తేవడానికి సుమారు 7 టన్నుల శీతలీకరణ కావాలి, తేమ బాగా పిండాలంటే 9 టన్నుల దాకా పోతుంది. అంటే పూర్తి బయటి గాలికి 17 నుంచి 22 టన్నులు. పరికరాలు, మనుషులు, ఎండ వేడి దీనికి అదనం. బయటి గాలి 30 శాతమే ఉంచి మిగిలింది తిప్పితే ఈ లెక్క 5, 6 టన్నులకు దిగుతుంది. రెండో స్థాయి ల్యాబులో, ద్రావకాల పని లేని చోట గాలిని తిరిగి వాడుకోవచ్చు. ఫ్యూమ్ కప్‌బోర్డు ఉన్న గది గాలి మాత్రం తిరిగి రాకూడదు.

కాబట్టి ద్రావకాల మూలను వేరు గదిగా విడగొట్టండి. ఫినాల్ క్లోరోఫాం, జైలీన్, ఫార్మలిన్ అన్నీ అక్కడే. ఆ చిన్న గది గాలి పూర్తిగా బయటికి, మిగిలిన హాలు గాలి మళ్లీ వాడకానికి. ఈ ఒక్క గోడ వల్ల మిగిలే టన్నులు ల్యాబు ఉన్నన్నాళ్లూ కరెంటు బిల్లులో కనబడతాయి.

దూలం కింద ఎత్తు తక్కువుంటే వీఆర్ఎఫ్ (ఒకే బయటి యూనిట్‌తో చాలా గదులను చల్లబరిచే ఏసీ) మేలు. రాగి గొట్టాలకు చోటు పెద్దగా అక్కర్లేదు, గదికో యూనిట్ కాబట్టి రాత్రి కల్చర్ గది ఒక్కటే నడపొచ్చు. అయితే వీఆర్ఎఫ్ కూడా బయటి గాలిని తేదు. తాజా గాలిని తేమ పిండి ఇచ్చే చిన్న టీఎఫ్ఏ యూనిట్ జత కావాలి. కొటేషన్‌లో దాన్ని వదిలేసి తక్కువ ధర చూపించడం మామూలే. ఎత్తు ఉండి, హాలంతా ఒకే వేళల్లో నడుస్తుంటే ఏహెచ్‌యూయే మంచిది. ఫిల్టర్లన్నీ ఒకేచోట మార్చుకోవచ్చు, పీడనాలు సర్దడం తేలిక. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరపు ఊళ్లలో బయటి యూనిట్ రేకులను ఉప్పుగాలి తినేస్తుంది. కండెన్సర్ కాయిల్‌కు తుప్పు పట్టని పూత ఉండాలని టెండరులోనే రాయాలి.

పీడనం దగ్గర కల్చర్ గది రెండు విరుద్ధమైన కోరికలు కోరుతుంది. కణాల శుభ్రత కోసం గాలి బయటికి తోయాలి, మనుషుల భద్రత కోసం లోపలికి లాగాలి. దీనికి చక్కటి పరిష్కారం ముందుగది. ఫిల్టరైన గాలిని ముందుగదిలో ఎక్కువగా వదిలితే అది అటు వరండావైపు, ఇటు కల్చర్ గదివైపు పోతుంది. కల్చర్ గదిలోది వరండాకు రాదు, వరండాలోది కల్చర్ గదికి పోదు. 5 అడుగుల చదరం ఉన్నా చాలు, రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోకూడదు. కల్చర్ గదికి ఇచ్చే గాలి, తీసే గాలి కంటే 10, 15 శాతం తక్కువుండాలి. పాత చెక్క కిటికీలు అలాగే ఉంటే ఈ లెక్కంతా వృథా. సందుల్లోంచి తేమ గాలి వచ్చి డక్టు మీద చెమర్చి ఫాల్స్ సీలింగ్ మీద మరకలు పడతాయి. కిటికీలను లోపలి నుంచి ప్యానెల్‌తో గానీ తెరవని అద్దంతో గానీ పూర్తిగా మూసేయాలి.

క్యాబినెట్: ఎ2 సరిపోతుందా, బి2 కావాలా

ముందు ఒక గందరగోళం తీరాలి. లామినార్ ఫ్లో బెంచి బయోసేఫ్టీ క్యాబినెట్ కాదు. హెపా వడపోసిన గాలిని అది పని చేసేవారి ముఖం మీదికి ఊదుతుంది. మీడియా పోయడానికి, మొక్కల కణజాల కల్చర్‌కు బాగుంటుంది. రక్తం, మానవ కణాలు దానిలో పెడితే ప్రమాదం నేరుగా మనిషికే.

రెండో తరగతి (క్లాస్ 2) క్యాబినెట్లలో ఎ2 రకం దాదాపు 70 శాతం గాలిని లోపలే తిప్పి, 30 శాతాన్ని హెపా గుండా గదిలోకే వదులుతుంది. డక్టు అక్కర్లేదు. బి2 గాలినంతా బయటికి పంపుతుంది. నాలుగడుగులది 700 సిఎఫ్ఎం పైచిలుకు, ఆరడుగులది 1,000 పైచిలుకు. ఒక్క ఆరడుగుల బి2, మన హాలుకు లెక్కగట్టిన 2,400లో నలభై శాతానికి పైగా తాగేస్తుంది. అంటే ఆ ఒక్క క్యాబినెట్‌కే 7, 8 టన్నుల ఏసీ. పైకప్పు మీద ఫ్యాను ఆగితే క్యాబినెట్ కూడా ఆగాలి, అందుకు ఇంటర్‌లాక్ కావాలి, గాలి సరఫరా దానికి తగ్గట్టు పెరగాలి. ఇవన్నీ లేకుండా బి2 కొని, పాత ఫ్యూమ్ కప్‌బోర్డు ఫ్యానుకు తగిలిస్తే, అలారం మోగుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు ఆ అలారం వైరు ఎవరో పీకేస్తారు.

కణాలతో పాటు ఆవిరయ్యే విష రసాయనాలు గానీ రేడియోధార్మిక పదార్థాలు గానీ చెప్పుకోదగ్గ మోతాదులో వాడితేనే బి2. కొద్ది మోతాదే అయితే ఎ2కు పైన గొడుగు లాంటి కనోపీ పెట్టి, మధ్య సందు వదిలి, చిన్న ఎగ్జాస్ట్‌కు కలిపితే సరిపోతుంది. ఎ2ను డక్టుకు గట్టిగా బిగించకూడదు. బయటి ఫ్యాను హెచ్చుతగ్గులు లోపలి గాలితెరను పాడుచేస్తాయి. మిగతా అందరికీ మామూలు ఎ2యే. సెల్ కల్చర్ ల్యాబుల్లో అత్యధిక భాగానికి అదే సరైనది, బి2 ఎక్కువ భద్రమనే భావన తప్పు.

క్యాబినెట్ పైన కప్పుకు కనీసం ఒకటింబావు అడుగుల ఖాళీ, ఇరువైపులా అడుగు, ముందు మూడడుగులకు పైగా ఉండాలి. తలుపుకు, నడక దారికి దూరంగా. కొన్నాక, జరిపిన ప్రతిసారీ, ఏటా ఒకసారి హెపా లీకు పరీక్ష, గాలి వేగం పరీక్ష, పొగ పరీక్ష చేయించాలి. లోపలి యూవీ లైటు మీద భరోసా పెట్టుకోవద్దు, తుడవడమే అసలు శుభ్రత.

నేల, బెంచీలు

పాత ల్యాబుల్లోని కడప, తాండూరు, షాబాద్ బండలు సున్నపురాళ్లు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పడితే నురగ కక్కుతాయి, పడ్డచోట గుంట పడుతుంది, ఆ గుంటలో సూక్ష్మజీవులు నిలుస్తాయి. బెంచి పైభాగానికి వీటిని మళ్లీ వాడవద్దు. చీమకుర్తి నల్ల గ్రానైట్ మనకు దగ్గరలో దొరికే మేలైన రాయి, ఆమ్లాలను బాగా తట్టుకుంటుంది, ఒక్క హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తప్ప. బరువు మాత్రం చూసుకోండి. 20 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకు 55 కిలోలు. ఇటుక కాళ్ల మీద వేస్తే మళ్లీ జరపలేరు. బెంచీలు మారుస్తూ ఉండే బృందమైతే స్టీలు ఫ్రేము మీద ఫినాలిక్ రెజిన్ పలకలు మంచివి. తేలిక, అతుకులు తక్కువ. కాకపోతే బన్సెన్ బర్నర్ వేడికి, పడేసిన వేడి గాజుకు మచ్చ పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కల్చర్ గదికి బాగుంటుంది. బ్లీచింగ్‌తో తుడిచి వదిలేస్తే మాత్రం చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది, వెంటనే నీటితోనో స్పిరిటుతోనో తుడవాలి.

నేలకు ఎపాక్సీయా (పోసే రెజిన్ పూత), వినైల్ షీటా అన్నది కింది చెమ్మను బట్టి. గ్రౌండ్ ఫ్లోరులో, ముఖ్యంగా గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో నేల నుంచి తేమ పైకి ఎక్కుతుంది. దాని మీద ఎపాక్సీ పోస్తే ఆరు నెలల్లో బొబ్బలు లేస్తాయి. ఒక మీటరు చదరం పాలిథీన్ కాగితాన్ని నాలుగువైపులా టేపు వేసి రెండు రోజులు నేలకు అంటించి ఉంచండి. కింద నీటి బిందువులు కనిపిస్తే ముందు తేమ అడ్డుపొర వేయాలి. పై అంతస్తుల్లో 2, 3 మిల్లీమీటర్ల ఎపాక్సీ చక్కగా ఉంటుంది. వినైల్ అయితే 2 మిల్లీమీటర్ల హోమోజీనస్ (మందమంతా ఒకే పదార్థం ఉన్న) షీటు, అతుకులు వేడితో కలిపి, గోడ మీదికి నాలుగంగుళాలు ఎక్కించాలి. విట్రిఫైడ్ టైల్స్ చౌక, కానీ అతుకు గీతల్లో మురికి చేరుతుంది. ద్రవ నత్రజని ఒంపుకునే చోట మాత్రం ఎపాక్సీ, వినైల్ రెండూ పగులుతాయి, ఆ మూల ఉత్త కాంక్రీటు ఉంచండి.

ఫ్రీజర్లు, గ్యాసులు, కరెంటు

మైనస్ 80 ఫ్రీజరు పాత రకమైతే రోజుకు 20 యూనిట్ల దాకా కాలుస్తుంది, కొత్త హైడ్రోకార్బన్ రకం 7 నుంచి 9. కాల్చిన కరెంటంతా గదిలోకి వేడిగా వస్తుంది. పాతవి ఆరు ఉంటే రాత్రింబవళ్లూ 5 కిలోవాట్ల హీటరు వెలిగించినట్టే, దాన్ని తీయడానికే దాదాపు టన్నున్నర ఏసీ. కల్చర్ గదిలో గానీ వరండాలో గానీ పెట్టకండి. వేరు గది, వెనుక అరడుగు ఖాళీ, ఒకటి ఆగితే రెండోది నడిచేలా రెండు ఏసీలు, ఒక్కో ఫ్రీజరుకు వేరే ఎంసీబీ. బరువు చూడండి: నమూనాలతో నిండినది 400 కిలోలు దాటొచ్చు, అది నిలబడే చోటు చదరపు మీటరు లోపే. ల్యాబు స్లాబులను మామూలుగా చదరపు మీటరుకు సుమారు 300 కిలోలకు డిజైన్ చేస్తారు. కాబట్టి ఫ్రీజర్లు గ్రౌండ్ ఫ్లోరులో, తప్పకపోతే గోడ పక్కన దూలాల మీదుగా వరుసగా పెట్టాలి. స్లాబు నడిమధ్య ఎప్పుడూ వద్దు. లిఫ్టు లేని బ్లాకుల్లో ఇది ఎలాగూ మీరు నిర్ణయించేది కాదు.

జనరేటరు అందుకునేలోపు పది నుంచి ముప్పై సెకన్ల ఖాళీ ఉంటుంది. క్యాబినెట్లు, ఇంక్యుబేటర్లు, ఫ్లో సైటోమీటరు యూపీఎస్ మీద ఉండాలి. ఫ్రీజర్లకు యూపీఎస్ దండగ, జనరేటరు చాలు. అయితే కరెంటు రాగానే అన్నీ ఒకేసారి లేవకుండా ఒక్కోదానికి రెండేసి నిమిషాల తేడాతో టైమరు పెట్టండి. లేదంటే ఆ కుదుపుకు జనరేటరు ట్రిప్ అవుతుంది.

గ్యాసుల విషయంలో ఒక లెక్క చాలామందికి తట్టదు. లీటరు ద్రవ నత్రజని ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు. 25 లీటర్ల డబ్బా ఒలికితే 17 ఘనపు మీటర్లు. 10 అడుగుల చదరం గల చిన్న గదిలో ఆక్సిజన్ 12 శాతానికి, ఇంకా కిందికి పడిపోతుంది. అందుకే ఆక్సిజన్ సెన్సరు పెడతారు, 19.5 శాతం దగ్గర మోగుతుంది. మంచిదే. కానీ అదే సెన్సరు కార్బన్ డయాక్సైడ్ లీకును కూడా పట్టుకుంటుందని అనుకోకండి. ఆక్సిజన్ 19.5కు దిగేసరికి గదిలో కార్బన్ డయాక్సైడ్ 6, 7 శాతానికి చేరి ఉంటుంది, 4 శాతమే ప్రాణాపాయకరం. 30 కిలోల సిలిండరు మొత్తం లీకైతే 16 ఘనపు మీటర్ల వాయువు. కల్చర్ గదికి వేరే కార్బన్ డయాక్సైడ్ సెన్సరు తప్పనిసరి. అది నేలకు దగ్గరగా ఉండాలి, ఎందుకంటే ఆ వాయువు బరువైనది. ఇంతకంటే తేలికైన మార్గం ఒకటుంది: సిలిండర్లను బయటి గోడకు నీడలో గొలుసు వేసి నిలబెట్టి, రాగి గొట్టంతో లోపలికి తేవడం. ఇంక్యుబేటర్లు రెండు దాటితే ఒకటి ఖాళీ కాగానే రెండోదానికి మారే మానిఫోల్డు పెట్టుకోండి. శని, ఆదివారాల్లో కణాలు చచ్చేది చాలాసార్లు గ్యాసు అయిపోవడం వల్లే.

నీళ్లు, వ్యర్థాలు

తెలంగాణ బోరు నీళ్ల కాఠిన్యానికి ఆర్‌ఓ పొరలు నెలల్లో మూసుకుపోతాయి, ముందు సాఫ్టనరు ఉండాలి. 18.2 మెగాఓం (అతి శుద్ధమైన) నీటి యంత్రానికి బోరు నీళ్లు నేరుగా ఇస్తే కార్ట్రిడ్జి ఖర్చు యంత్రం ఖర్చును మించిపోతుంది. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల్లో గ్రావిటీ రకం ఆటోక్లేవు (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం) లెక్క 121 డిగ్రీల వద్ద 60 నిమిషాలు. మీడియాకు పెట్టే 15, 20 నిమిషాలు వ్యర్థాలకు చెల్లవు. అందుకే రెండింటికీ వేర్వేరు ఆటోక్లేవులు ఉంటే మంచిది. అవి బయటి గోడ పక్కన, పైన ఆవిరి లాగే కనోపీతో ఉండాలి. వాడని నేల తూములను సిమెంటుతో మూసేయండి. ట్రాప్‌లో (నీళ్లు నిలిచే గొట్టపు వంపులో) నీళ్లు ఎండిపోతే, ఋణ పీడనంలో ఉన్న గది డ్రైనేజి గాలినీ బొద్దింకలనూ లోపలికి లాక్కుంటుంది.

పగలగొట్టే ముందు

పాత కెమిస్ట్రీ ల్యాబు సింకు కింద ట్రాప్‌లో పాదరసం ఉండొచ్చు. గొట్టాలు కోసే ముందు ట్రాప్ విప్పి చూడండి. పిక్రిక్ ఆమ్లం సీసా ఎండి స్ఫటికాలు కట్టి ఉంటే మూత తిప్పకండి, కదిలించకండి, నిపుణులను పిలవండి. మూత మరలలో ఎండిన స్ఫటికాలు రాపిడికే పేలతాయి. పాత ఫ్యూమ్ కప్‌బోర్డు లోపలి పలకలు, వరండా రేకులు ఆస్‌బెస్టాస్ కావచ్చు. డ్రిల్లు చేయకుండా తడిపి, మొత్తంగా ఊడదీయాలి. ఎప్పుడైనా రేడియోఐసోటోపులు (రేడియోధార్మిక పదార్థాలు) వాడిన గదైతే అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ నిబంధనల ప్రకారం విడుదల పత్రం లేకుండా మేస్త్రీని లోపలికి రానివ్వకూడదు.

ఇంకా పాత, స్వాతంత్ర్యానికి ముందు కట్టిన భవనమైతే కప్పు చూడండి. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం పోసిన మద్రాస్ టెర్రస్ అయితే దానికి రంధ్రం పెట్టరాదు. ఒక్క ఎగ్జాస్ట్ పైపు కోసం కోస్తే ఆ వరుసంతా వదులవుతుంది, వాన నీళ్లు ఆగవు. పైపును కిటికీ చోటు నుంచి బయటికి తీసి గోడ వెంట పైకి తీసుకెళ్లాలి. పై కొస కప్పు మీదికి 10 అడుగుల ఎత్తున, తాజా గాలి లోపలికి వచ్చే చోటుకు దూరంగా, గాలి వీచే దిక్కు చూసుకుని ఉండాలి.

టెండరు: ఒకే గుత్తేదారా, విడివిడిగానా

సివిల్, ఎలక్ట్రికల్, ఏసీ, ఫర్నిచర్ నాలుగూ విడిగా ఇస్తే ధర తగ్గుతుంది. కానీ ఒకరు పెట్టిన సీలింగును ఇంకొకరు విప్పుతారు, తప్పెవరిదో తేలదు. ల్యాబు పనిలో ఏసీ, ప్యానెలు, విద్యుత్తు ఒకే గుత్తేదారు చేతిలో, సరఫరా నుంచి పరీక్షల వరకు కలిపి ఉండాలి. బెంచీలు, పరికరాలు వేరుగా కొనొచ్చు. ఎల్‌1 పద్ధతిలో తక్కువ కోట్ చేసినవారికే పని పోతుంది కాబట్టి, రక్షణ అంతా సాంకేతిక నిర్దేశంలోనే ఉంది. "మంచి నాణ్యత గల ఏసీ" అని కాకుండా గదికి ఎన్ని సిఎఫ్ఎం, ఎంత శాతం బయటి గాలి, ఏ ఫిల్టరు, ఏ ఉష్ణోగ్రత, ఎంత తేమ, ఎంత పీడన తేడా అని రాయాలి. పీడన తేడాకు 12.5 పాస్కల్స్ మామూలు లెక్క.

ఆఖరి 15, 20 శాతం బిల్లును గాలి కొలతల నివేదికకు ముడిపెట్టండి. ప్రతి గ్రిల్లు దగ్గర అసలు సిఎఫ్ఎం, ప్రతి తలుపు దగ్గర పీడనం, కనీసం 48 గంటల ఉష్ణోగ్రత, తేమ రికార్డు. పరీక్ష మే నెలలో గానీ ఆగస్టులో గానీ జరగాలి. డిసెంబరులో అన్ని ఏసీలూ బాగానే పనిచేస్తాయి.